తోడల్లుడి పసుపు పొడి

ఉల్లిపాయల టోకు వ్యాపారి కనుక పెద్దల్లుడికి కుళ్ళు సంగతి బాగా తెలుసు. బస్తా మీద చెయ్యి వేసి లోపల ఎంత పాడైందో చెప్పేవాడు. తన లోపల పట్టినదాన్ని మాత్రం పసిగట్టలేకపోయాడు.

దానికి కారణం చిన్నల్లుడు. మనిషి పొట్టి, అందరికీ పొట్టోడే. రోజూ పెద్దల్లుడి షెడ్డులో ఊడ్చిన ఉల్లిపొట్టును గోనెల్లో కూరుకుని పోయేవాడు.

"పొట్టోడు పొట్టుతో పొట్ట నింపుకుంటాడట!" అని పెద్దల్లుడు హమాలీలకు వినిపించేలా నవ్వేవాడు.

పొట్టోడు ఆ పొట్టును స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టి పసుపుపచ్చని పొడి తీశాడు. మందుల కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఆ పొడి పెద్దల్లుడి గుండెల్లో పొడిచింది.

పైగా భోజనాల దగ్గర మామగారు పొట్టోడి భుజం తట్టారు. "పారేసేదాంట్లోంచి మందు తీశావు అల్లుడూ! ఖాళీగా ఉన్న రెండో షెడ్డు నీకే ఇద్దామనుకుంటున్నా."

పెద్దల్లుడు ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డు మీద కన్నేసింది తను.

"ఆ పొడి నేనూ తీస్తాను మామయ్యా. రెండూ పరీక్షకు పంపండి. ఎవరి పొడిలో మందు ఎక్కువుంటే షెడ్డు వాళ్ళది."

"నీకు చేతనవుతుందా?"

"ఉల్లి నా ఉల్లం!"

"ఉల్లం సంగతేమో గానీ, ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకోండి," అంది భార్య.

పద్ధతి అడిగితే పొట్టోడు ఏదీ దాచకుండా చెప్పాడు. అదే ఒళ్ళు మండించింది. దాచి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. తర్వాత పెద్దల్లుడు లెక్క వేశాడు: పైపొట్టులోనే అంత ఉంటే, లోపలి సరుకులో ఎంతుండాలి! తన సరుకు కంటే తన చెత్త గొప్పదంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు? మేలురకం పది బస్తాలు తళతళలాడేలా ఒలిపించి, రుబ్బించి, స్పిరిట్‌లో పోయించాడు. మూడు రోజులు వీధంతా కళ్ళు తుడుచుకుంది.

వారం తిరిగాక పరీక్ష చేసినావిడ కాగితాలతో వచ్చింది. "పెద్దల్లుడుగారి డబ్బాలో అసలు మందు ఉండీ లేనట్టుంది. మిగతాదంతా చక్కెర. చిన్నల్లుడుగారి డబ్బాలో మాత్రం మేము చూసినవాటన్నిటికంటే మందు ఎక్కువుంది."

"ఇంత మంచి పొట్టు ఎక్కడ దొరికింది?" అన్నారు మామగారు.

పొట్టోడు తల గోక్కున్నాడు. "అన్నయ్య ఒలిపించిన పది బస్తాలదేనండీ. పనివాళ్ళు అలవాటుగా నా గోనెల్లోకే ఎత్తారు. ఊడ్పు పొట్టులో మట్టి కలుస్తుంది కదా, ఇది శుభ్రమైన పొట్టు."

ఒలుపు తనది, గెలుపు వాడిది! పెద్దల్లుడి కళ్ళ ముందే షెడ్డు తాళంచెవి పొట్టోడి చేతిలోకి వెళ్ళింది.

"అన్నయ్యా, ఒలిపించడం మీరు చూసుకుంటే ఇద్దరం కలిసి..." అంటూ పొట్టోడు దగ్గరికొచ్చాడు.

"నీ జాలి నాకక్కర్లేదు!" పెద్దల్లుడు విసురుగా తన షెడ్డులోకి వెళ్ళి హమాలీలను కేకేశాడు. "ఇవాళ్టి నుంచి ఒక్క పొట్టు రేకు కూడా గడప దాటకూడదు!"

"అంతా ఎక్కడ పెట్టమంటారు బాబూ?"

"లోపలే!"

నెల తిరిగేసరికి షెడ్డు నిండా పొట్టు, వీధి పొడుగునా ఉల్లిపాయల బస్తాలు. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. హమాలీలు బస్తాలెత్తుకుని తలుపు దగ్గరికి పరుగెత్తారు. పెద్దల్లుడు అడ్డంగా నిలబడి, జల్లు లోపలికి కొడుతుందని ముందు పొట్టు మీద పట్టా కప్పమన్నాడు.