వినండి, అనండి

పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను వేసి ఉంచి, టాబ్‌ని డబ్బాల అరకు ఆనించి, పంతులమ్మ వాన పాఠం చదువుతోంది. ఆ ఇంట్లో ఆమె తలుపు వేసుకోగలిగిన గది వంటిల్లు ఒక్కటే. బడిలో పిల్లలందరికీ టాబ్‌లు ఇచ్చారు. ఇకమీదట భాషా పాఠాలు టీచరు తన గొంతుతో రికార్డు చేసి పంపాలి. గొంతు ఆగిన చోట టాబ్ ఆగుతుంది, పిల్లలు ఆ మాటలు తిరిగి అన్నాక ముందుకు కదులుతుంది. ఈ పని ఆమెకు నచ్చింది. తన గొంతు ఇంత బాగుంటుందని ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పాఠం సగంలో ఉండగా మొగుడు తలుపు తోసుకొచ్చాడు. ఆయన ఏదో అన్నాడు, ఆమె ఏదో అంది. వెళ్లి ఇస్త్రీ చేసి వచ్చి మిగతాది చదివింది. ఆ మధ్య ముక్క తీసెయ్యాలనుకుంది గానీ, అత్తగారి మందులు, క్యారియర్లు, బస్సు తొందరలో మర్చిపోయి ఉన్నదున్నట్టు పంపేసింది.

ఆరోజు క్లాసుకి హెడ్‌మిస్ట్రెస్ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్క గొంతుతో మొదలుపెట్టారు.

"మబ్బులు కమ్ముకున్నాయి."

"చల్లగాలి వీచింది."

హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకోలుగా తలూపింది. పంతులమ్మ ఊపిరి పీల్చుకునేలోపు పిల్లలు అన్నారు:

"చొక్కా ఇస్త్రీ అయిందా లేదా? చెవుడా నీకు?"

క్లాసంతా కిసకిసలు. టాబ్‌లన్నీ ఒక్కసారిగా ఎలా ఆపాలో పంతులమ్మకు తట్టలేదు. "ఆపండి" అన్న మాట చెవులు మూసుకున్న పిల్లలకి వినిపించలేదు.

"తప్పయిందండీ. కోప్పడకండి. ఇప్పుడే చేసేస్తాను."

దీనికి మాత్రం ఎవరూ నవ్వలేదు. టీచరు గొంతు కదా, బుద్ధిగా అన్నారు. 'అండీ' దగ్గర ఆమె గొంతు ఎలా సన్నబడి కిందకి జారిందో, అచ్చం అలాగే జార్చి అన్నారు. ముందు బెంచీలో, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల మెడ కూడా కాస్త వంచింది.

"ఇంటి సంగతులు ఇంట్లో వదిలి రావాలమ్మా," అని హెడ్‌మిస్ట్రెస్ వెళ్లిపోయింది. పంతులమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి అరుపు నలుగురూ విన్నందుకు కాదు. ఆ అరుపు ఇరుగుపొరుగుకి కొత్తేం కాదు. తన గొంతే భరించలేకపోయింది. అది అంత చిన్నగా ఉంటుందా? రోజూ ఇదే గదిలో నిలబడి, "గొంతు విప్పి చదవండర్రా, ఎవరికి భయం?" అని పిల్లల్ని గదమాయించేది తనేనా? "మా కోడలికి నోట్లో నాలుక లేదు," అని అత్తగారు చుట్టాల ముందు పొగిడినప్పుడల్లా మురిసిపోయింది. భాష చెప్పే మనిషి! "నువ్వు సర్దుకుపోతావు కాబట్టే కాపురం సాగుతోంది," అన్న మొగుడి మాటని కితాబుగా దాచుకుంది. ఆ సర్దుకుపోవడం ఎలా ఉంటుందో ఇవాళ పసి నోళ్లలో వినేదాకా ఆమెకే తెలియదు.

గంట కొట్టాక పిచ్చుక దగ్గరకొచ్చింది.

"టీచర్, ఇంతకీ మీరేం తప్పు చేశారు?"

పంతులమ్మ ఆ పొద్దుటి పనులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. "ఏం చెయ్యలేదమ్మా," అంది.

సాయంత్రం మొగుడికి జరిగింది చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది.

"నా పరువు తీశావు కదే! ముందు అది తీసిపారెయ్."

"తీసేశాను. కానీ పిల్లలకి నోటికొచ్చేసింది."

ఆమె అలవాటుగా 'తప్పయిందండీ' అంటుందని ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట ఆమె గొంతులోకి రానే వచ్చింది. మింగేసింది. టాబ్ తీసుకుని వంటింట్లోకి వెళ్లకుండా, హాలు మధ్యలో ఆయన కుర్చీలో కూర్చుంది.

"పాఠం మళ్లీ చదవాలి. టీవీ కట్టెయ్యండి."