మగ్గం గుంటలో నీళ్లు

సిరిసిల్ల సాలెవాడలో ఐలవ్వ మాటకు ఎదురు లేదు. మొగుడు సిద్దిరాములు పోయాక మగ్గాన్ని, కొడుకుని, వాడకట్టు తగాదాలని ఆమె ఒక్క గొంతుతోనే నడిపించింది. అందుకే ఆ ఎండాకాలం చేదబావి దగ్గర, "మా కోడలు అడుగు మంచిది కాదు" అని ఆమె అన్నప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు.

కోడలు బాలలక్ష్మి ఫాల్గుణంలో వచ్చింది. అదే వారం కొత్త మగ్గమూ వచ్చింది. ఐలవ్వ కొడుకు అంబదాస్ షోలాపూర్‌లో చూసొచ్చిన మోజుతో తాతలనాటి గుంట మగ్గం పీకేశాడు. నేసేవాడు కాళ్లు దించి కూర్చునే ఆ గుంటను మట్టితో పూడ్చి, పైన షాబాద్ బండలు పరిపించి, నేల మీద నిలబడే మగ్గం బిగించాడు. ఎండలు ముదిరేసరికి నిలువునా సాగే పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగసాగాయి. అంబదాస్ నేసేది తక్కువ, ముడులేసేది ఎక్కువ అయింది. నూలిచ్చే సావుకారు ఆ ముడుల బట్ట చూసి మొహం ముడిచాడు. మగ్గం షోలాపూర్ తరహాది, దాన్ని తప్పు పట్టడానికి లేదు. మిగిలింది కోడలు.

"పిల్లను కోరుట్లకు తోల్దం. తల్లిగారింట్ల కొన్నొద్దులు ఉంటది. తెగుడు ఆగితె సంగతి తెల్సిపోతది," అంది ఐలవ్వ.

"ఆగితె నన్ను మళ్ల తోలుకరారా అత్తమ్మా?" అని బాలలక్ష్మి అడిగింది.

ఐలవ్వ ఆమె బట్టల మూట తెచ్చి గడపలో పెట్టింది. అంబదాస్ తెగిన పోగు కొసలు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు. బాలలక్ష్మి బస్సెక్కింది.

ఆమె వెళ్లిన మర్నాడే అకాల వాన పట్టుకుంది. నేత ఇళ్లలో వానంటే హడల్. గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు నానిందంటే పని మొదటికొచ్చినట్టే. ఐలవ్వ నూలు కట్టలన్నీ అటక మీదికెక్కించి, మొగులు పట్టిన ఆకాశాన్ని తిడుతూ కూర్చుంది. మగ్గం మాత్రం ఏ పేచీ పెట్టకుండా నడిచింది. ఒక్క పోగూ తెగలేదు. ముసురు వదలకముందే ఆమె తల మీద గోనెసంచి కప్పుకుని బావి దగ్గరికి వెళ్లి, తన మాటే నిజమైందని చెప్పి వచ్చింది.

"ఇగ ఆ పిల్లను తోలుకరాకు," అంది పక్కింటి లింగవ్వ.

తర్వాత మొగులు విడిచింది. ఎండ కాసింది. పోగులు మళ్లీ తెగాయి.

ఐలవ్వకు చిర్రెత్తింది. కోడలు కోరుట్లలో ఉంటే ఇక్కడ తెంపుతున్నదెవరు? ఇంట్లో మిగిలిన కోడలి రేకు పెట్టెను కొట్టంలో పెట్టించింది. పెట్టె పోయినా పోగులు తెగడం మానలేదు. అప్పటికే తన మాట మీద తనకు అనుమానం పుట్టింది కానీ, బయటికి అనే అలవాటు లేదు.

సిద్దిరాములు ఉన్నన్నాళ్లూ పొద్దున్నే మగ్గం గుంటలో బిందెడు నీళ్లు పోసేవాడు. మగ్గం తల్లికి దాహం తీర్చాలని ఆయన తండ్రి చెప్పాడట. ఆయన పోయాక ఐలవ్వా పోసింది. గుంట పూడ్చాక కూడా మొక్కు తప్పకూడదని బండల మీద నాలుగు చుక్కలు చల్లేది. ఒక రోజు పరాకులో బిందె చేయి జారింది. నీళ్లు మగ్గం కిందికి పారి, అక్కడ పరిచిన గోనెపట్టాలన్నీ నానాయి.

"పడుగు పాడైతది గదనే అవ్వా," అని అంబదాస్ విసుక్కున్నాడు.

"అయితె కానీ," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆమె చేతిలో రొట్టె ఆగిపోయింది. మగ్గం చప్పుడు ఆగడం లేదు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఒక్క ముడీ పడలేదు.

ఐలవ్వ రొట్టె వదిలేసి నూలు చుట్టిన ఒకే కండె నుంచి రెండు పోగులు తీసింది. పొడిపోగు లాగితే పుటుక్కుమంది. రెండోది నీళ్లలో ముంచి లాగితే వేలిని కోసింది గానీ వెంటనే తెగలేదు. తడిస్తే కాగితం చిరుగుతుంది, మట్టి కరుగుతుంది. పత్తి నూలు గుణమే వేరు, తేమ తాగితే దానికి బలమొస్తుంది. ఆరిపోతే పెళుసవుతుంది. గంజి ఊడేంత నానితే పాడవుతుంది నిజమే, కానీ చుట్టూ చల్లటి తేమ ఉంటే చాలు. ఇన్నేళ్లూ గుంటలో నీళ్లతో దాహం తీరింది తల్లికి కాదు, పోగుకు. గుంట పూడ్చాక ఆ తేమే పోయింది. ఆ సంగతి ఐలవ్వకు బాగా అర్థమైంది. వాన కురిసిన రోజుల్లో తాను బావి దగ్గర ఏం మాట్లాడి వచ్చిందో కూడా గుర్తొచ్చింది. సిగ్గేసింది.

మర్నాడు కోరుట్ల వెళ్లి ఉన్నదంతా చెప్పింది. బాలలక్ష్మి తల్లి నాగవ్వ మొహం పక్కకు తిప్పుకునే వింది.

"బిందె ఒలకకుంటె నేను గీడనే ఉండేదాన్నా అత్తమ్మా?" అని బాలలక్ష్మి అడిగింది.

"ఉండేదానివే," అంది ఐలవ్వ. అబద్ధం ఆడాలనిపించలేదు.

"నా అడుగు మంచిది కాదని బావి కాడ అందరికి చెప్పినవ్. గిది ఎవలు చెప్తరు?"

ఐలవ్వ చీరకొంగు సరిచేసుకుంది. "నేనే చెప్త. నువ్వు ఇంటుండంగనే చెప్త."

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం బావి దగ్గరి ఆడవాళ్లంతా ఐలవ్వ ఇంట్లో ఉన్నారు. ఆమె పొద్దుటి నుంచీ నీళ్లు చల్లనివ్వలేదు. అందరూ చూస్తుండగానే పోగులు తెగాయి. తర్వాత గోనెపట్టాలు తడిపి మగ్గం చుట్టూ పరిపించింది. కాసేపటికి తెగడం ఆగింది. పొడిపోగొకటి, తడిపోగొకటి అందరి చేతా లాగించింది.

"మరి వాన పడ్డనాడు నీకు గీ సంగతి తట్టలేదా?" అంది లింగవ్వ.

"తట్టలే. వాన చేసిన పనికి నేను పిల్ల పేరు పెట్టిన. పిల్ల అడుగుల ఏ దోషం లేదు. దోషం నా నోట్ల ఉండె."

ఐలవ్వ అలా మాట్లాడటం ఆ వాడకట్టు ఎన్నడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు. బాలలక్ష్మి బట్టల మూటతో గడప అవతలే నిలబడి ఉంది. అత్త మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు లోపల అడుగు పెట్టింది.