రెండిళ్ల రైలు

జనవరి మొదటివారంలో కృష్ణప్రసాద్ ఏటా చేసే పని ఒకటుండేది. అట్టముక్క మీద నెలలవారీగా గళ్లు గీసి, ఆ ఏడాది తన బొమ్మ రైలుకి ఎప్పుడు ఏం చెయ్యాలో రాసుకుని ముందుగదిలో గోడకి తగిలించేవాడు. ఫిబ్రవరిలో పట్టాలు సరిచెయ్యడం. వేసవిలో కొండ కట్టడం, ఆ ఎండలకైతే ప్లాస్టరు గట్టిగా ఆరుతుంది. వానలు మొదలైతే చెమ్మకి ఏదీ ఆరదు కాబట్టి అప్పుడు వైర్ల పని. దసరా సెలవుల్లో స్టేషను, చలికాలంలో చెట్లు. ప్లాను చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. మార్చి దాటి నడిచిన ప్లాను మాత్రం ఇంతవరకూ లేదు. అతను ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ చూసేవాడు. మార్చి వచ్చిందంటే ఇంటికొచ్చి అన్నం తినడానికే ఓపిక ఉండేది కాదు.

తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి, చార్మినార్ అవతల జహనుమాలో ఒక పాతకాలపు ఇంట్లో సగం వాటా అద్దెకి తీసుకున్నాడు. కూతురు బిందుమాధవి గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది తనూ, భార్య రాజరాజేశ్వరీ, రైలూ. ముందుగదిలో ముప్పాతిక భాగం రైలుబల్లే ఆక్రమించింది.

"మనింటికి వచ్చినవాళ్లు కూర్చోడానికి కుర్చీ వేసే చోటు లేదు. మీ రైలుకి మాత్రం ప్లాట్‌ఫారం కావాలి," అనేది రాజరాజేశ్వరి. అంటూనే పట్టాల మీద దుమ్ము పాత నూలుగుడ్డతో తుడిచేది.

తొంభై ఎనిమిదిలో కృష్ణప్రసాద్ బొంబాయి వెళ్లినప్పుడు ఒక పొడుగాటి డీజిలింజను బొమ్మ కొనుక్కొచ్చాడు. ఎన్నాళ్లనుంచో దాని మీద మనసుంది. తీరా పట్టాలెక్కిస్తే, గోడ పక్కన మలుపులో ప్రతిసారీ పడిపోయింది. అక్కడ వంపు మరీ గట్టిది. చిన్న ఇంజన్లు తిరిగేవి గానీ దీనికి ఒళ్లు వంగేది కాదు. మలుపు పెద్దది చెయ్యాలంటే బల్ల పెరగాలి, బల్ల పెరగాలంటే గోడ అడ్డం.

పక్కవాటాలో బాబురావు ఉండేవాడు. ఒక సర్కారు ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అప్పుడప్పుడు రైలు చూడ్డానికి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఆ రోజు లోపలికొచ్చి, వంగి మలుపు దగ్గర చూశాడు.

"ఇంజన్ల ఖరాబేం లేదు సార్. జాగ తక్వయింది, గంతే."

"అదే కదండీ నా బాధ. గోడ జరపలేను కదా."

బాబురావు గోడ మీద వేళ్లతో తట్టి చూశాడు. "జరుపుడెందుకు? గోడ అవుతలున్నది మా రూమే. బొక్క గొడ్దాం. రైలు మా ఇంట్లకొచ్చి తిరిగిపోతది."

కృష్ణప్రసాద్ ముందు నవ్వాడు. తర్వాత గోడవంక చూశాడు. డంగుసున్నంతో కట్టిన పాత గోడ, మూరెడు మందం. నిజంగా సొరంగమే అవుతుంది. అట్టముక్క తీసి ఫిబ్రవరి గడిలో రాసింది కొట్టేసి 'సొరంగం' అని రాశాడు.

రాజరాజేశ్వరికి ఇష్టం లేదు. "ఒకింట్లో మాట్లాడుకున్నవి ఇంకో ఇంట్లో వినపడితే ఏం బాగుంటుందండీ?" అంది. అవతల బాబురావు భార్య లీలమ్మ కూడా అదే మాటందని తెలిశాక ఇద్దరు మగవాళ్లూ ఇంటి ఓనరు ఖాదర్ సాబ్ దగ్గరికి పోయారు. ఇంట్లో రైలు నడపడమేమిటన్నట్టు ఆయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఘర్ మే రేల్ చలాతే?" అన్నాడు. "చలాయించుండ్రి. ఖాళీ చేసినప్పుడు నా గోడ నాకు ఎట్లున్నది అట్ల కావాలె."

బాబురావు ఉలీ సుత్తీ పట్టుకుని రెండు ఆదివారాలు కష్టపడ్డాడు. జోడుపట్టాలు పక్కపక్కనే పట్టేంత వెడల్పున గోడకి కన్నం పడింది. అవతల అతను అర్ధచంద్రం ఆకారంలో చెక్క బిగించాడు. పొడుగింజను కూతలేకుండా సొరంగంలోకి దూరి, కనపడకుండా పోయి, కాసేపటికి మళ్లీ బయటికొచ్చినప్పుడు కృష్ణప్రసాద్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ ఏడు మార్చిలో ఆఫీసు పని ఉన్నా రైలు పని ఆగలేదు. అతను ఇంటికొచ్చేసరికి బాబురావు తనవైపు కూడా ఒక స్విచ్చి బిగించి పెట్టాడు. ఇప్పుడు ఎవరింట్లోంచైనా రైలు నడపొచ్చు.

ఆడవాళ్లకి ఆ కన్నం ఇంకో రకంగా అలవాటైంది. ఆ వీధిలో నల్లా రోజు మార్చి రోజు, ఏ వేళకి వస్తుందో తెలియకుండా వచ్చేది. కుళాయి ఇద్దరిదీ ఒకటే, లీలమ్మ వంటింటి పక్కన. ఆమె వంగి, "అక్కా, నల్లా వచ్చింది!" అని సొరంగంలోంచి కేకేసేది. రాజరాజేశ్వరి బిందెలు పట్టుకుని పరుగెత్తేది. కరివేపాకుందా అని, కరెంటు మీక్కూడా పోయిందా అని, మాటలు అటూఇటూ నడిచేవి.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం సాయంత్రం రాజరాజేశ్వరి దీపం పెట్టుకుంటోంది. అవతల లీలమ్మ ఎండుచేపలు వేయిస్తోంది. ఘాటు నేరుగా కన్నంలోంచి వచ్చింది. రాజరాజేశ్వరి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లేచి, పాత తువ్వాలు ఉండచుట్టి కన్నంలో కుక్కేసింది. కృష్ణప్రసాద్ పేపరు చదువుతూ అది చూశాడు. తర్వాత తీసేద్దాంలే అనుకుని పేజీ తిప్పాడు.

ఆ వేళే లీలమ్మ చెల్లెలు రాహేలు జహీరాబాద్ నుంచి వచ్చింది. అక్క రైలు సంగతి చెప్పగా వినడమే గానీ ఎప్పుడూ చూసింది లేదు. ఇంజను ఆరోజు బాబురావు వైపే ఆగివుంది. "చూడు, ఇగ ఇప్పుడు సార్ వాళ్ల ఇంట్లకి పోతది," అంటూ లీలమ్మ స్విచ్చి వేసింది.

గోడలోంచి మెత్తగా ఏదో తగిలిన చప్పుడు కృష్ణప్రసాద్‌కి వినపడింది. చక్రాలు గిరగిరా తిరిగిన చప్పుడు. తర్వాత అవతల నేల మీద ఏదో పడింది.

"గిదేందక్కా, గుడ్డ కుక్కిండ్రు?" రాహేలు గొంతు.

కృష్ణప్రసాద్ గబగబా లేచి తువ్వాలు లాగాడు. కన్నానికి అవతల లీలమ్మ ముఖముంది. ఆమె అతన్ని చూసింది, అతని చేతిలో తువ్వాలు చూసింది. పొయ్యి మీది బాణలి వైపు ఒకసారి తిరిగి చూసి పక్కకి తప్పుకుంది. చుట్టం ఎదుట ఆమెకి తలకొట్టేసినట్టయిందని అతనికి తెలిసింది.

మర్నాడు పొద్దున్న చూస్తే కన్నానికి అవతలివైపు ఒక క్యాలెండరు వేలాడుతోంది.

బాబురావు వీధిలో కనపడితే నమస్తే పెట్టేవాడు. ఇంజను సంగతి అడిగితే, "ముందర చక్రాలు వంగినయ్ సార్. చేసిస్త," అన్నాడు, అంతే. గుమ్మం దాకా రావడం మానేశాడు. మేనెల ఎండలు మండిపోతున్నాయి. కొండ కట్టడానికి అంతకన్నా మంచి కాలం ఉండదు. తెచ్చిన ప్లాస్టరు మూటలోనే ఉండిపోయింది. కృష్ణప్రసాద్ దాని జోలికి పోలేదు.

"నావల్లే కదా," అంది రాజరాజేశ్వరి ఒకరోజు.

"నేను చూస్తూ ఊరుకున్నాను. నీ ఒక్కదాని వల్లే ఎలా అవుతుంది?"

"ఆ వాసన నాకు నిజంగానే పడదండీ. ఏం చెయ్యమంటారు?"



ఆ వారమే రెండుసార్లు నల్లా వచ్చి పోయింది. కేకేసేవాళ్లు లేక రాజరాజేశ్వరికి తెలియలేదు. కృష్ణప్రసాద్ చార్మినార్ వెళ్లే దారిలో ట్యాంకరు దగ్గర నిలబడి క్యాన్లతో నీళ్లు తెచ్చాడు. మూడోసారి, మధ్యాహ్నం ఇద్దరూ ఎండకి సొమ్మసిల్లి పడుకుని ఉండగా గోడ మీద ఎవరో దబదబా బాదారు. మాటా లేదు, పిలుపూ లేదు. కాసేపాగి మళ్లీ బాదారు. రాజరాజేశ్వరి లేచి కూర్చుంది.

"నల్లా వచ్చినట్టుంది," అంది. బిందెలు తీసుకోకుండా, చెదిరిన జుట్టుతోనే బయటికి నడిచింది. కృష్ణప్రసాద్ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే వెళ్లాడు.

లీలమ్మ కుళాయి కిందున్న తన బిందె తీసి పక్కన పెట్టింది. "బిందెలేవి? నీళ్లు పోతున్నయ్."

"లీలమ్మగారూ, ఆరోజు..." రాజరాజేశ్వరి మొదలుపెట్టింది.

"వాసనొస్తుందంటే నోటితోని చెప్పొచ్చు కదక్కా," అంది లీలమ్మ. నెమ్మదిగానే అంది. "ఎనక కిటికీ తెరుస్తుంటి. నేనేమన్న పరాయిదాన్నా? గుడ్డ ఎందుకు కుక్కినవ్? మా చెల్లె ముంగట నా మొకం ఎట్లయింది?"

"తప్పే. చెప్పడానికి మొహమాటపడ్డాను. కుక్కడానికి మాత్రం మొహమాటపడలేదు." రాజరాజేశ్వరి కళ్లు తుడుచుకుంది.

కుళాయి నీళ్లు నేల మీద పారుతున్నాయి. లీలమ్మ తన ఖాళీ బిందె ఒకటి తీసి కుళాయి కింద పెట్టింది. "ఇది నీకు తీస్కపో. ఇంకో మాట కూడ చెప్త, ఇను. ఆదివారమొస్తే మా ఇంట్ల మటన్ వండుతం. అది మాత్రం బంద్ పెట్టను. కిటికీ తెరుస్త. అయినా వాసనొస్తే ఓపిక పట్టాలె."

"పడతాను," అంది రాజరాజేశ్వరి.

ఆ సాయంత్రమే క్యాలెండరు వెనక్కి, దాని పాత మేకు దగ్గరికి పోయింది. బాబురావు ఇంజను తెచ్చి ఇచ్చాడు. వంగిన చక్రాలకి బదులు కొత్తవి లేతు మీద తీసి వేశాడు. అవి కొద్దిగా కటకటమనేవి. కృష్ణప్రసాద్‌కి ఆ చప్పుడు అసలుదాని కన్నా నచ్చింది.

"కొండ కట్టే టైం అయిపాయె కదా సార్? ఇగ వానలొస్తయ్," అన్నాడు బాబురావు అట్టముక్క చూస్తూ.

"దసరాకి జరుపుదాం. ముందు వైర్లు చూద్దాం పట్టండి."

ప్లాను మొత్తం అడ్డదిడ్డమైంది. వైర్లు ఆగస్టు దాకా సాగాయి. దసరా సెలవుల్లో కట్టాల్సిన స్టేషను పక్కనపడి, ఆ రోజుల్లో కొండ పని మొదలైంది. వెదురుబద్దల చట్రం మీద పాత పేపర్లు ప్లాస్టరులో ముంచి వేస్తుంటే, ఆడవాళ్లిద్దరూ వచ్చి మగవాళ్లని తప్పుకోమన్నారు. కొండకి దారి ఎటు ఉండాలో, పైన ఏముండాలో వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. కృష్ణప్రసాద్ ఏదో చెప్పబోతే, "మీకు పట్టాల సంగతి తెలుసు, కొండలు మాకు వదిలెయ్యండి," అంది రాజరాజేశ్వరి. అతనూ బాబురావూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగారు. అంత హాయిగా అతను ఈమధ్య ఎప్పుడూ కూర్చోలేదు.

చెట్ల వంతు వచ్చేసరికి డిసెంబరు అయిపోవచ్చింది. క్రిస్మస్‌నాడు బాబురావు ఇద్దర్నీ భోజనానికి పిలిచాడు. కృష్ణప్రసాద్ భార్యవైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆమె ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. రాజరాజేశ్వరి అల్మారాలోంచి పట్టుచీర తీస్తోంది.

లీలమ్మ కిటికీలన్నీ తెరిచిపెట్టింది. అయినా మసాలా వాసన ఇల్లంతా కమ్ముకుని ఉంది. రాజరాజేశ్వరి కిటికీకి దగ్గరగా కూర్చుంది.

"నీకోసం బగారన్నం, పప్పు వేరే చేసిన అక్కా. కొత్త గిన్నె కొన్న. అండ్ల ఇంకేం వండలే."

"అయ్యో, కొత్తదెందుకండీ? మీరు రోజూ వండుకునేదాంట్లో చెయ్యాల్సింది."

"ఈసారికి గిట్ల తిను. వచ్చేసారి చూద్దాం," అని నవ్వింది లీలమ్మ.

రాజరాజేశ్వరి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కృష్ణప్రసాద్ తన విస్తరిలో చెయ్యి ఆపి ఆమెనే చూస్తున్నాడు. ఆమె మింగింది. ఇంకో ముద్ద కలుపుకుంది. తర్వాత విస్తరి ముందుకి జరిపి, "ఇంకొంచెం అన్నం వెయ్యండి, లీలమ్మగారూ," అంది.