మూడో పిలుపు

మా కాలేజీలో పిల్లలెవరూ నా కౌన్సెలింగ్ గదికి వచ్చి "గొడవైంది టీచర్" అని చెప్పరు. తలనొప్పి అంటారు, నిద్ర పట్టడం లేదంటారు. నేను మాత్రం మనసులో "హాస్టల్‌లో ఏ మంచం పిల్లతో గొడవ?" అనుకుంటాను.

వాన్‌ఛీ కూడా తలనొప్పితోనే వచ్చింది. దక్షిణాన సూజౌ వైపు పిల్ల, మాట మెత్తన. మా ఉత్తరాది షెన్‌యాంగ్ చలికి రెండు స్వెట్టర్లు తొడుక్కుని కుర్చీ అంచున కూర్చుంది. నెలాఖరులోగా హాస్టల్‌లో గది మారిపోతానంది.

"ఎందుకే?"

"ఊరికే టీచర్."

కౌన్సెలింగ్‌కి మాకిచ్చేది నాలుగు వారాలు. ఆ 'ఊరికే' వెనకాల ఏముందో బయటపడేసరికి రెండు వారాలు కరిగిపోయాయి.

పక్క మంచం షుయే ఈ ఊరి పిల్లే. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు. మొన్నటిదాకా ఇద్దరూ ఒకే దుప్పట్లో కబుర్లు చెప్పుకున్నవాళ్లు. షుయే పుట్టినరోజున గదిలో అందరూ ఒకే కుండ చుట్టూ కూర్చుని ఉడికించుకు తినే హాట్‌పాట్‌కి బయలుదేరుతుంటే, షుయే "వస్తావా?" అని అడిగింది. "వద్దులే, మీరు వెళ్లండి" అంది వాన్‌ఛీ. "సరే" అని షుయే వెళ్లిపోయింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఇంకోసారి అడగలేదు టీచర్. మా వైపు ఒక్క పిలుపుకే లేస్తే తిండికి మొహం వాచినవాళ్లనుకుంటారు. మూడోసారి పిలిస్తే లేవాలి. నేను అప్పటికే దుప్పటి కింద మేజోళ్లు కూడా తొడుక్కున్నాను."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

బల్ల మీద గిన్నెలో చలికి గడ్డకట్టిన పియర్ పళ్లు మెత్తబడడానికి నీళ్లలో నానుతున్నాయి. ఒకటి తీసి "తింటావా?" అన్నాను.

"వద్దు టీచర్, మీరు తినండి."

సరే అని నేనే తినేశాను. రసం కారుతుంటే ఆ పిల్ల నా నోటివంకే చూసింది.

"అడగందే అమ్మైనా పెట్టదే పిల్లా. ఇంకోటుంది. తింటావా?"

చెవులు ఎర్రబడ్డాయి. "ఊఁ" అంది.

"ఇప్పుడు వెళ్లి షుయేతో ఆ మేజోళ్ల సంగతి చెప్పు."

"అమ్మో! పరువు పోతుంది టీచర్."

"పోయిన పరువు మళ్లీ వస్తుంది. అలాంటి స్నేహితురాలు వస్తుందా?"

చివరి వారం వాన్‌ఛీ ముఖం వేలాడేసుకుని వచ్చింది. పొద్దున కుళాయిల దగ్గర పళ్లు తోముకుంటున్న షుయేతో మేజోళ్ల సంగతి, మూడు పిలుపుల సంగతి ఒక్క గుక్కలో చెప్పేసిందట. షుయే నోటినిండా నురగతో చూసి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయిందట.

"అయిపోయింది టీచర్. ఇవాళే గది మార్చమని చెప్పేస్తాను."

అనవసరంగా ఈ పిల్లని ఎగదోశానే అని బాధేసింది. సాగనంపుదామని తలుపు తీశాను. వరండాలో, టోపీ మీద మంచుతో షుయే నిలబడి ఉంది.

"హాట్‌పాట్‌కి వెళ్తున్నా. వస్తావా?"

"వస్తా" అంది వాన్‌ఛీ వెంటనే.

"వద్దనకు. రా."

"వస్తానన్నాగా!"

"నోర్ముయ్యవే. ఇంకోసారి అడగాలి నేను." షుయే టోపీ మీది మంచు దులిపింది. "పొద్దున నాకు మాట రాలేదు. ఆ రోజే అడగాల్సింది. వస్తావా, వాన్‌ఛీ?"

వాన్‌ఛీ తలూపుతూ ఏడ్చేసింది. నా కళ్లూ తడిశాయి, దాచుకోవడమెందుకు.

"మేజోళ్లు వేసుకున్నావా?" అంది షుయే.

వాన్‌ఛీ ముక్కు తుడుచుకుని, ప్యాంటు కాస్త పైకెత్తి చూపించింది.