పదిహేడో తెప్ప

సముద్రం పక్కనున్న పొమోరియె ఊరి ఉప్పు సరస్సు మీద నలభై చిన్న మోటారు తెప్పలు వాటంతటవే తిరుగుతుండేవి. ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత ఉంటుంది. నీళ్లలో ఉప్పు ఎక్కడెంత ఉందో కొలవడం వాటి పని. వాటికి నాయకుడు లేడు, ఒడ్డు నుంచి ఆజ్ఞలూ లేవు. వాటిని తయారుచేసిన ఇంజనీరు జోర్నిత్స వాటి ప్రోగ్రాములో రాసి నేర్పినవి మూడే మాటలు: పక్కదాన్ని గుద్దుకోకు, దాని పిలుపు అందనంత దూరం పోకు, ఖాళీ కనిపిస్తే అటు జరుగు. అంతమాత్రానికే అవి సరస్సంతా వల పరిచినట్టు సర్దుకునేవి.

అది మూడేళ్ల పని. మొదటి ఏడాది ఇవైలో అనే తోటి ఇంజనీరు ఆమెకు తోడుండేవాడు. అతను వేరే ఉద్యోగం చూసుకుని వార్నా నగరానికి వెళ్లిపోయాడు. వేసవి సెలవులకు వచ్చిన జనం ఖాళీ చేసిన ఆ ఊళ్లో ఆమె నోరు విప్పేది పడవ నడిపే స్తామెన్‌తోనే.

తెప్పల పని చూడ్డానికి రాజధాని సోఫియా నుంచి నలుగురు పరీక్షకులు వచ్చే ముందురోజు పొద్దున తెప్పలన్నీ సరస్సు మధ్య గుంపుగా చేరి కదలడం మానేశాయి.

"ఏమ్మాయ్, నీ బాతులు సమ్మె కట్టాయా?" అన్నాడు స్తామెన్.

"ఉండు బాబాయ్, చూస్తున్నా."

గంట చూశాక అర్థమైంది. పదిహేడో తెప్ప మోటారు పాడైంది. అది వెనకబడితే, దూరం పోకూడదు కనుక పక్కవి ఆగాయి. వాటి కోసం వాటి పక్కవి ఆగాయి. ఆగమని ఆమె ఎక్కడా రాయలేదు.

"దాని కోసమే ఆగాయి బాబాయ్," అంది.

"పాపం, మంచివే! దాన్ని తీసేస్తే సరిపోదూ?"

"ఇవాళంటే మనం ఉన్నాం, తీస్తాం. చలికాలంలో ఇంకోటి ఆగిపోతే తీసేదెవరు?"

పదిహేడోదాన్ని నీళ్లలోనే ఉంచి, సాయంత్రంలోగా నాలుగో మాట రాసింది: వెనకబడ్డదాన్ని లెక్కలోంచి తీసెయ్.

మర్నాడు ముప్పై తొమ్మిది తెప్పలూ సరస్సంతా చక్కగా పరుచుకున్నాయి. పదిహేడోది ఒక్కటే నడిమధ్యన గాలికి గుండ్రంగా తిరుగుతోంది.

"అదేంటి, అలా ఉండిపోయింది?" అని అడిగింది పరీక్షకురాలు.

"చెడిపోయిందండీ. మిగతావి దాన్ని వదిలేస్తాయి. అలాగే రాశాను."

"చాలా బాగుంది!" అంటూ ఆవిడ సంతకం పెట్టింది. ఆ నలుగురూ కారెక్కి భోజనానికి వెళ్లిపోయారు. మీరూ రండి అనాలని ఎవరికీ తోచలేదు.

స్తామెన్ పడవ తీస్తే ఇద్దరూ వెళ్లి పదిహేడోదాన్ని తెచ్చారు. జోర్నిత్స దాన్ని ఒళ్లో పెట్టుకుని, మీద పేరుకున్న ఉప్పును కొంగులా వేలాడుతున్న ఉన్ని కండువా అంచుతో తుడిచింది.

"మీ పిన్ని చేపల పులుసు పెడుతోంది. రా, తిని పోదువు," అన్నాడతను.

"ఇంకోసారి వస్తాలే బాబాయ్. పనుంది."

పనేమీ లేదు. మూసిన దుకాణాల వీధిలోంచి నడిచి వెళ్లి, బస్టాండు దగ్గర పొరల మధ్య జున్ను పెట్టి కాల్చిన బనిత్స రొట్టె ముక్క ఒకటి కొనుక్కుని నిలబడే తింది. వార్నా నుంచి బస్సు వచ్చింది. అందులోంచి దిగినవాళ్లందరి మొహాలూ చూసింది. బస్సు వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడింది.