పదకొండు గిటార్ తలలు

అమెరికాలోని కలమజూ ఊళ్ళో చేత్తో ఎలక్ట్రిక్ గిటార్లు చేసేవాళ్ళలో గెరిట్ హోక్‌స్ట్రాదే పెద్ద పేరు, రోవీనా పైక్ సొంత దుకాణం పెట్టేదాకా. ఆమెకు ఉలి పట్టుకోవడం నేర్పింది అతనే. ఆరేళ్ళు అతని దగ్గర పనిచేసి వెళ్ళింది. ఇప్పుడు ఆమె గిటార్ కావాలంటే రెండేళ్ళు ఆగాలి. గెరిట్ గిటార్ కావాలంటే గోడ మీంచి దించుకోవడమే.

ఆ వసంతంలో జరిగిన గిటార్ల ప్రదర్శనలో ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా పడ్డాయి. ఆమె బల్ల చుట్టూ పొద్దుటినుంచీ జనమే. అటు చూడకూడదని గెరిట్ నాలుగుసార్లు అనుకున్నాడు, నాలుగుసార్లూ చూశాడు. చివరికి ఉండబట్టలేక లేచి వెళ్ళాడు.

"ఇప్పటికి దయ కలిగిందా గురువుగారికి?" అంది రోవీనా నవ్వుతూ.

"జనం పలచబడతారేమోనని చూశా. పడేలా లేరు."

ఒక గిటార్ అందుకుని మెడ పొడుగునా బొటనవేలు నడిపాడు. మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు ఫ్రెట్ల అంచు ఒక్కటైనా గీసుకోదా అని మళ్ళీ తడిమాడు. గీసుకోలేదు. రంగులో మరక లేదు, అతుకు కనపడలేదు. లోపల ఏదో భగ్గుమంది. అప్పుడు మెడ చివర, తీగలు చుట్టే తల మీదికి చూపు పోయింది. పైఅంచు తెరిచిన పుస్తకంలా, మధ్యలో చిన్న నొక్కుతో ఉంది. ఆ ఆకారం ఎవరిదో గిటార్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఒక పెద్ద కంపెనీ దాన్ని ఏనాడో తన ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుంది.

"ఈ తల వాళ్ళది కదూ?" అన్నాడు మెల్లిగా.

"కొనేవాళ్ళు అదే కావాలంటున్నారు గెరిట్. ఏడాదికి ఇరవై చేసేదాన్ని, నన్నెవరు పట్టించుకుంటారు?"

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్ళేముందు గెరిట్ ఆ కంపెనీకి ఫిర్యాదు రాశాడు. ఫోటోలు జతచేశాడు. తన పేరు మాత్రం రాయలేదు.

"టై కట్టుకోకుండా ఆ కంప్యూటర్లో ఏం చేస్తున్నావయ్యా?" అని కేకేసింది భార్య లోయిస్.

"చెక్కకి ఆర్డరిస్తున్నా," అన్నాడు.

మూడు వారాలకు రోవీనా ఆ కంపెనీ ఉత్తరం పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. ఆ ఆకారం ఇక చెయ్యనని సంతకం పెట్టాలి, ఉన్నవి ఆ తలలతో అమ్మకూడదు, ఫోటోలు తీసెయ్యాలి. గడువు పద్నాలుగు రోజులు.

"ఎవడో కడుపుమంటగాడు చెప్పుంటాడు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "లాయరు ఏమందో తెలుసా? గిటార్ ఒంటి ఆకారం మీదైతే వాదించి చూడొచ్చంట, తల మీద మాత్రం నోరెత్తొద్దంట."

"ఎన్ని ఉన్నాయి?"

"పదకొండు. రంగు కూడా వేసేశా. ఆ తలలు వేరే ఆకారానికి నువ్వు కొయ్యి గెరిట్. నా చేత్తో నేను కోసుకోలేను."

ఆ మాట విన్నప్పుడు అతనికి కలిగింది సంతోషమే. రంపం మర తిప్పి, మొదటి గిటార్ తలను దాని బల్ల మీద పెట్టాడు. తీగలు బిగించే మరల కోసం కన్నాలు ముందే పెట్టి ఉన్నాయి, వాటిని తప్పించి కొయ్యాలి. ఎలాగోలా తెగ్గోసి ఇవ్వొచ్చు, ఆమె ఏమీ అనదు కూడా. కానీ నలభై ఏళ్ళుగా పని చేసిన చెయ్యి చెడగొట్టనంది. ఎడమ పక్క ఎత్తుగా ఉంచి, కుడికి ఏటవాలుగా ఒకే కోత దింపాడు. ఉప్పుకాగితంతో అంచు నునుపు చేశాక చూస్తే, ఎగరబోయే పిట్ట రెక్కలా ఉంది.

"అబ్బ!" అంది రోవీనా.

మిగతా పదీ అలాగే కోశాడు.

ఆకులు రాలే కాలానికి ఆ రెక్క తల గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు. రెండేళ్ళు ఆగవలసింది మూడేళ్ళయింది. రోవీనా ఎక్కడికి వెళ్ళినా "గెరిట్ కోశాడు" అనే చెప్పేది. వినేవాళ్ళు ఔనా అని, మళ్ళీ ఆమె గిటార్‌నే చూసేవాళ్ళు.

ఒకరోజు ఆమె కాగితాలు తెచ్చింది. "ఈ ఆకారాన్ని ట్రేడ్‌మార్క్ చేయిస్తున్నా. ఇద్దరి పేర్లూ పెడదాం. ఇక్కడ సంతకం పెట్టు."

ఆమె అసూయపడి ఉన్నా, పిసినారితనం చూపినా గెరిట్ ఓర్చుకునేవాడేమో. ఈ మంచితనం అతను భరించలేకపోయాడు.

"ఆ ఫిర్యాదు రాసింది నేను," అన్నాడు.

"ఏ ఫిర్యాదు?"

"నీ పదకొండు తలలూ తెగడానికి కారణమైంది. చర్చికి వెళ్ళేముందు కూర్చుని రాశా."

రోవీనా కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఎందుకు?"

"నీ గిటార్‌లో తప్పు వెతికా. దొరకలేదు."

ఆమె కలం తీసుకుని అతని పేరు కొట్టేసింది. కోటు వేసుకుని, తలుపు మెల్లిగానే దగ్గరకు లాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఆ దుకాణంలో అడుగు పెట్టలేదు.

మరుసటేడు డెట్రాయిట్ నుంచి ఒకాయన వచ్చాడు. గెరిట్ పాత పద్ధతి ఆయనకు ఇష్టమట, తల మాత్రం రెక్కలా కావాలట.

"అది నేను చెయ్యకూడదు. నమోదైన ఆకారం," అన్నాడు గెరిట్.

"ఎవరిది?"

"రోవీనా పైక్‌ది."

"భలే ఆలోచన ఆవిడది!"

ఆ కోత తనదని చెప్పడానికి గెరిట్ నోరు తెరిచాడు. చెబితే మిగతాదంతా చెప్పాలి. మూసుకున్నాడు.

"ఔను, బాగా చేస్తుంది," అన్నాడు.