ఎర్ర దీపం

అక్క పలక మీద మూడు మాటలు రాసి నా ముఖం ముందు పెట్టింది: "ఇది నేను కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. గుండ్రంగా ఎనిమిది స్పీకర్లు పెట్టి, నడుమ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి ఆమె గొంతునే వినిపించాను. ఆరు నెలల పని. ఆపరేషన్‌లో అక్క స్వరపేటిక తీసేశారు. దానికి మూడు రోజుల ముందు నాలుగు గంటలపాటు ఆమె మాటలు రికార్డు చేశాను. ఆ మాటల్ని ముక్కలు చేసి, సాగదీసి, ఏ ముక్క ఏ స్పీకర్లోంచి ఎప్పుడు రావాలో తేల్చే ప్రోగ్రాము బావ రాశాడు. సాయంత్రం ఆరింటికి ఇది వినడానికి జనం వస్తారు. ఇప్పుడా ఈ మాట చెప్పడం?

"ఏం తక్కువైంది?" అన్నాను.

అక్క సుద్దముక్క విరిగేలా రాసింది: "నేనెప్పుడైనా ఇంత మెత్తగా మాట్లాడానా?"

నిజమే. అక్క ఆటల టీచరు. ఇరవై ఏళ్లు ఈల అవసరం లేకుండా మైదానాన్ని నడిపిన మనిషి. ఇంట్లో ఉప్పు అందించమన్నా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు. స్పీకర్లలో తిరుగుతున్నదేమో విమానాశ్రయంలో ప్రకటనలు చదివే అమ్మాయి గొంతులా ఉంది.

కోపమంతా బావ మీదికి మళ్లింది. "పదిహేనేళ్లుగా అక్క నోరు మూయించాలని మీకు ఉబలాటం. చివరికి ప్రోగ్రాము రాసి మరీ మూయించారు!"

బావ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. నేనే పంపిన మెసేజీ: "ఎర్ర దీపం వెలిగిన ముక్కలన్నీ పారెయ్యండి."

మైకు ముందు గొంతు మరీ పెరిగితే ఎర్ర దీపం వెలుగుతుంది, శబ్దం పగులుతుంది. పగిలింది పనికిరాదని మా రికార్డింగు పనిలో అందరం కళ్లు మూసుకుని నమ్ముతాం. అక్క మాటల్లో ముప్పాతిక వంతు అవే.

"పారెయ్యలేదులే," అన్నాడు బావ. "మనసొప్పక వేరే ఫోల్డర్లో దాచా. రోజూ వింటున్నా."

సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంకా కోపం వచ్చింది, ఈసారి నా మీద నాకే. ప్రోగ్రాముకు ఆ ఫోల్డరు అప్పగించి బటన్ నొక్కాను.

"పరిగెత్తవేం, కాళ్లు అద్దెకి తెచ్చుకున్నావా?" వెనక ఎడమ మూల నుంచి అరుపు. "ఏమండీ, ఆ తలుపు వేస్తారా, వెయ్యరా!" కుడి పక్క నుంచి ఇంకోటి. బావ తెలియకుండానే లేచి తలుపు వేశాడు. అక్క భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

ఆ వెంటనే ఎనిమిది స్పీకర్లలోనూ ఒకేసారి, నేనెన్నడూ వినని మాట. ఆ రోజు వేడినీళ్లు తేవడానికి బయటికి వెళ్తూ మైకు ఆపడం మరిచానేమో.

"మెల్లగా మాట్లాడక్కా, దూరంగా జరగక్కా! పొద్దుట్నుంచీ ఇదే గోల దీనికి. మూడు రోజులే ఉన్నాయే నాకు! అరవనివ్వవే!"

చివరి మాట నిలువునా పగిలింది. అక్క ముఖం చూడలేకపోయాను. అలవాటుగా నా చెయ్యి సౌండు తగ్గించే మీట మీదికి పోయింది. అక్క పలకతో వేళ్ల మీద ఒక్కటిచ్చింది. పలక తుడిచి పెద్ద అక్షరాలతో రాసింది.

"పెంచు."

పెంచాను. ఎర్ర దీపం వెలిగింది. దాన్ని అలాగే వెలగనిచ్చాను.